తాళం పడిన కోత మిషన్

"కాలు తియ్యకు మామా. క్లచ్ మీదనే ఉంచు," అంది మానస.

బాలయ్య తీసేశాడు. ఎడమకాలిని రెండు చేతులతో, ఎవరిదో బరువును ఎత్తినట్టు ఎత్తి, పెడల్ పక్కన నేల మీద దించాడు.

"తొక్కి ఏం జెయ్యాలె బిడ్డా? ఎదురుంగ ఏమున్నది?"

ఎదురుగా టీవీ ఉంది. టీవీ నిండా పెద్ద తాళం బొమ్మ, దాని కింద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు. ఈ అకౌంట్ నిలిపివేయబడింది. ఆ అక్షరాల వెనక మసకగా ఆటలోని ఎనిమిది ఎకరాల వరి, పండి బంగారమై, గాలికి ఊగుతూనే ఉంది. మానసకు అదే మరీ కష్టంగా తోచింది. ఆపితే ఆపారు, ఆ పంటను కూడా కాసేపు ఆపొచ్చు కదా!

"గింజ రాలుతది," అన్నాడు బాలయ్య. "కోతకొచ్చిన చేను మూడొద్దుల సంది నిలబడ్డది."

"టీవీల ఒడ్లు రాలవు మామా."

"నీకెరుకనా?"

ఆమెకు ఎరుక లేదు. ఆ ఆటలో వర్షం పడితే నిజంగానే పంట పాడవుతుంది. ఆ సంగతి మామకు నేర్పింది ఆమే.

కమలవ్వ జొన్నరొట్టె పళ్లెం తెచ్చి భర్త ముందు పెట్టింది. పొద్దున పెట్టిన రొట్టె పక్కనే ఆరిపోయి ఉంది. దాన్ని చూసి, మొగుడిని చూసి, టీవీని చూసింది.

"పెండ్లినాడు నా మొకం సుత గింత సేపు చూడలే నువ్వు. గా తాళంల ఏం కనబడుతున్నదయ్యా?"

మామూలుగా అయితే ఈ మాటకు బాలయ్య ఒక చురక వేసేవాడు. ఇవాళ ఏమీ అనలేదు. ఆ మౌనం చూసి కమలవ్వ కూడా నవ్వాపుకుంది.

మానసకు ఆ మౌనం తెలుసు. ఉగాదికి ముందు ట్రాక్టర్ మీద నుంచి జారి మోకాలు విరిగి, రెండు నెలలు మంచం పట్టినప్పటి మౌనం అది. ఆమె కోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టింది సరిగ్గా ఆ మౌనంలోకే. కసరత్తు చెయ్యమంటే ఆయన గోడ వైపు తిరిగేవాడు. "మంచంల పండి గాల్లె కాలూపుడేంది, చిన్నపిల్లగాన్నా?" అనేవాడు.

తర్వాత భర్త అరవింద్ పెండ్లి కానుకగా ఆమెకు కొన్న గేమ్ పెట్టె వచ్చింది. అందులో వ్యవసాయం ఆట, దానికొక స్టీరింగు, కింద మూడు పెడళ్లు. ఆలుమగలిద్దరూ ఆదివారం నవ్వుకుంటూ ఆడుతుంటే మంచం మీద నుంచి ఒక గొంతు లేచింది.

"క్లచ్ తొక్కకుంట గేరేస్తవేందిరా?"

ఆ మాట విని మానస వంటింట్లోకి పరుగెత్తి, పోపు మాడిపోతున్నా పట్టించుకోకుండా కళ్లు తుడుచుకుంది. ఆ రోజు నుంచి మామ పొద్దున నుంచి పొద్దుగూకేదాకా కుర్చీలో కూచుని ఎడమకాలితో క్లచ్ తొక్కుతూనే ఉన్నాడు. ఎవరూ కసరత్తు అనలేదు. ఆయనా అనుకోలేదు.

మూడు రోజుల కింద తాళం పడింది. మూడు రోజులుగా కాలు కదలలేదు.

ఇవాళ మధ్యాహ్నం మూడింటికి కామారెడ్డి ఆసుపత్రిలో చూపించాలి. తొక్కే బలం రాకపోతే మోకాలు మళ్లీ కొయ్యాలని పోయిన నెలే డాక్టరు చెప్పాడు. మళ్లీ కొయ్యనివ్వనని బాలయ్య ఆ రోజే తేల్చేశాడు. అంటే ఇక మంచమే.

అరవింద్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. రైస్‌మిల్లు ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టాడు. మూడో గుండీ ఎప్పటిలాగే ఒక రంధ్రం తప్పింది. మానసకు ఆ తప్పిన గుండీ అంటే ఎంతో ముద్దు. సరిచేసే వంకతో దగ్గరికి వెళ్లడం అంతకన్నా ముద్దు. ఇవాళ చెయ్యి చాపబోయి ఆగిపోయింది. అతని ముఖం అలా ఉంది.

"లేవు బాపూ. కారొచ్చింది."

"ముందుగాల ఆట అమ్మిన దుకాణం కాడికి పోదాం. గా సునీల్‌కుమార్‌ను నేను అడుగుతా."

"అడిగి ఏం జేస్తవ్? మళ్ల పైసలు గుంజుతడు. ఇగ ఒక్క రూపాయి గూడ పెట్ట నేను. మొదలు ఆట కొన్న. అండ్ల కోత మిషన్ లేదు. మిషన్ ప్యాక్ కొన్న. అది గోధుమ కోసేదట, వరికి కట్టర్ వేరేనట. అది గూడ కొన్న. ఇల్లు అమ్మి తలుపులకు వేరే పైసలు అడిగినట్టున్నది ఈ యవ్వారం!"

"గందుకే అడుగుతా అంటున్న."

"నువ్వు అడగకు. కాలు తొక్కు చాలు."

"తాళమేసిన బండిని తొక్కుతరారా ఎవ్వలన్న?"

తండ్రీకొడుకులు ఒకరినొకరు చూసుకోవడం మానేశారు. కమలవ్వ రొట్టె పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

*

కారు లింగంపేట దాటింది. రోడ్డుకి రెండు పక్కలా నాట్లు పడుతున్నాయి. మామూలు రోజైతే బాలయ్య కిటికీలోంచి ఒక్కో మడి చూసి ఎవరిది నాటు పలచన, ఎవరిది దగ్గర అని చెప్పేవాడు. మానస ఆ మాటలు వినడానికి సిద్ధంగా అద్దం దించి పెట్టింది. అద్దంలోంచి తడి గాలి మాత్రమే వచ్చింది.

కామారెడ్డిలోకి రాగానే అరవింద్ దిగి ఒక సమోసా పొట్లం తెచ్చి సగం విరిచి, పెద్ద ముక్క ఆమెకిచ్చాడు. అలిగినా పెద్ద ముక్క తనకే. అంత ఆందోళనలోనూ ఆమెకు లోపల ఎక్కడో చిన్న దీపం వెలిగినట్టయింది. ఒక్క క్షణమే. ఎందుకంటే ఆమె ఒక మాట దాచి కూచుంది. వారం రోజులుగా దాచింది. అది తాళానికి సంబంధించిన మాటేనేమోనని మూడు రోజులుగా భయపడుతోంది.

సునీల్‌కుమార్ దుకాణం మెయిన్ రోడ్డు మీదే ఉంది. ఫోన్లు, చార్జర్లు, గేమ్ డబ్బాలు. గోడ మీద పెద్ద అక్షరాలతో, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. కారు సరిగ్గా గుమ్మం ముందు ఆగింది. దిగలేని బాలయ్య కారు తలుపు తీయించుకుని, సీటులోనే కూచుని, ఆట డబ్బాను పైకెత్తి పట్టుకున్నాడు.

"ఏమయ్యా సేటూ! ఇటు రా!"

సునీల్‌కుమార్ వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి, మెడలో టేపులా వేలాడే చార్జర్ వైరు. "దండాలు పెద్దాయనా. కాలెట్లున్నది?"

"కాలు సంగతి తర్వాత. ఈ డబ్బాల ఏమున్నది?"

"ఆట ఉన్నది."

బాలయ్య డబ్బా విప్పి బోర్లించాడు. ఒక చీటీ ముక్క ఒళ్లో పడింది. "ఇదా ఆట? వేలకు వేలు తీసుకొని చీటీ అమ్మినవా?"

"ఇప్పుడన్ని గట్లనే వస్తున్నయి పెద్దాయనా. చీటీ మీది నంబరు కొడితే ఆట దిగుతది."

"మరి కోత మిషన్ ఎందుకు దిగలే? యూరియా బస్తా కావాల్నంటే పక్కన సీసా మందు సుత కొనాలె అంటరు ఎరువుల దుకాణపోల్లు. లింకు అంటరు దానికి. నీది గదే కథ. మొదలు ఆటన్నవ్. తర్వాత మిషన్ అన్నవ్. తర్వాత కట్టర్ అన్నవ్. ఇప్పుడు తాళమేసినవ్. తాళంచెవి ఎంతకమ్ముతవో గది సుత చెప్పు, ఒక్కపారే ఇచ్చి పోతా!"

రోడ్డు మీద పోయే ఇద్దరు ఆగి నవ్వారు. ఒకాయన "మంచిగడిగిండు" అన్నాడు. సునీల్‌కుమార్ కూడా నవ్వాడుగానీ, ఆ నవ్వు తొందరగా ఆగిపోయింది.

"నన్ను తిడితే ఏమొస్తది పెద్దాయనా? నాది డబ్బా అమ్ముడు దాకనే. మిషన్లు, కట్టర్లు, తాళాలు అన్ని కంపెనోడివే. నా దగ్గరికి దినాం పదిమంది గిట్లనే వస్తరు. నేనెవలను తిట్టాలె?"

బాలయ్య డబ్బాను ఒళ్లోకి తీసుకున్నాడు. చీటీ ముక్కను మళ్లీ డబ్బాలో పెట్టి జాగ్రత్తగా మూశాడు.

"లోపలికి రాండ్రి అన్నా," అని సునీల్‌కుమార్ అరవింద్‌ను పిలిచాడు. "ఎందుకు తాళమేసిండ్రో కంపెనీ సైటుల రాసి ఉంటది. అకౌంట్ ఎవల పేరు మీదున్నది?"

"నా పేరు మీద," అంది మానస. కొన్న రోజు ఆ సంగతి ఎంత మురిపంగా చెప్పుకుందో, ఇవాళ అంత చిన్న గొంతుతో చెప్పింది.

*

ఆమె ఫోనులోనే పేజీ తెరిచారు. సునీల్‌కుమార్ వేలితో చూపిస్తూ చదివాడు.

"ఒక్క వారంల అయిదు వేర్వేరు పెట్టెలల్ల వాడిండ్రట మీ అకౌంట్. గందుకే బంద్ వెట్టిండ్రు. ఇగో ఊర్లు గూడ ఉన్నయి. ఎల్లారెడ్డి అంటే మీ దిక్కుదే, నస్రుల్లాబాద్, బాన్సువాడ, బిచ్కుంద..."

"నస్రుల్లాబాదుల మనకెవలున్నరు?" అన్నాడు అరవింద్.

మానసకు తెలుసు.

నస్రుల్లాబాద్‌లో రాజన్న ఉన్నాడు. ఆసుపత్రిలో మామ పక్క మంచం. తుంటి విరిగిన మనిషి. ఆయన కొడుకు నగేశ్ ఇంట్లో కూడా ఇదే ఆట ఉంది, కోత మిషన్ లేదు. పోయిన వారం రాజన్న ఫోను చేసి, "వరి కోతకొచ్చింది బాలన్నా, మిషన్ లేదు" అన్నాడు. బాలయ్య ఒక్క క్షణం ఆలోచించలేదు. ఊళ్లో పవర్ స్ప్రేయర్ అడిగినా, గుంటక అడిగినా, పైపులు అడిగినా ఆ ఇంట్లో లేదనే మాట ఎన్నడూ లేదు. "మా మిషన్ తీస్కపో, నీ కోతైనంక వాపసియ్యి" అన్నాడు. తర్వాత కోడలి వైపు తిరిగి, "ఎట్ల పంపాల్నో పంపు బిడ్డా" అన్నాడు.

ఆమె పాస్‌వర్డ్ పంపింది. పక్కింటికి పచ్చడి గిన్నె పంపినంత సంతోషంగా పంపింది. రాజన్న కోత అయ్యాక బాన్సువాడలో బావమరిదికి, ఆయన బిచ్కుందలో ఇంకెవరికో. మిషన్ అన్నాక అలాగే తిరుగుతుంది కదా.

"నేనే పంపిన," అంది.

"ఏంది?"

"పాస్‌వర్డ్. రాజన్న మామకు. మామ పంపుమన్నడు."

అరవింద్ ఆమెను చూశాడు. అతను కోపంగా అరిచి ఉంటే బాగుండేది.

"మా బాపుకైతే తెల్వది. నువ్వు డిగ్రీ చదివినవ్ గద మానసా."

ఆ మాట వచ్చి నేరుగా తగలాల్సిన చోటే తగిలింది. పెండ్లయిన మూడు నెలల్లో అతను ఆమెతో అలా మాట్లాడటం ఇదే మొదటిసారి. సునీల్‌కుమార్ గాజు బీరువాలో సరిగ్గా ఉన్న డబ్బాలను మళ్లీ సర్దడం మొదలుపెట్టాడు.

సర్దుతూనే ఆయన ఇటు తిరిగాడు. "ఉపాయమున్నదన్నా. ఇగో, కింద రెండు బటన్లున్నయి. మొదటిది, నా పాస్‌వర్డ్ దొంగిలించారు అని. అది నొక్కితే వీళ్ల అకౌంట్ వాపసొస్తది, మిషన్, కట్టర్ అన్నీ. వాడుకున్నోళ్ల అకౌంట్లు పోతయి. రెండోది, నేనే ఇచ్చాను అని. అది నొక్కితే ఇదొక్కటే పోతది, వాళ్లవి ఉంటయి. ఇగ రాదు. మళ్ల మొదటి నుంచి అన్నీ కొనాలె. నాకు బేరమే, కానీ చెప్తున్న, నొక్కకుండ్రి."

"మొదటిదే," అన్నాడు అరవింద్.

"రాజన్న మామ దొంగనా?"

"కంపెనోనికి దొంగ. మనకు గాదు."

"నగేశ్ కొన్నవి అన్నీ పోతయి."

"పోనీ! మా బాపు కాలు పోవాల్నా?" అతను బయట కారు వైపు చెయ్యి చూపాడు. "పొద్దున చూసినవ్ గద. కాలు తీసి ఎట్ల కింద వెట్టిండో చూసినవ్ గద. అది లేకుంటే తొక్కడు. తొక్కకుంటే మళ్ల కొయ్యాలంటరు. కొయ్యనియ్యడు. ఇగ మంచమే."

ఆమె చూసింది. అదే కదా బాధ.

బయట కారు డ్రైవరు హారన్ కొట్టాడు. టైము రెండున్నర. "నేను బాపు దగ్గరుంటా. నువ్వు నొక్కి రా," అని అరవింద్ వెళ్లిపోయాడు.

మానస మొదటి బటన్ మీదకు వేలు తెచ్చింది. నొక్కడానికే తెచ్చింది. రాజన్నకు తర్వాత చెప్పుకోవచ్చు. కాళ్లు పట్టుకోవచ్చు. ముందు మామ కాలు.

ఫోను మోగింది. రాజన్న.

"బిడ్డా, ఇయ్యాలనే గద ఆసుపత్రి? మా లింగవ్వ పొద్దటి సంది ఒకటే పోరు, బాలన్న కాలెట్లున్నదో అడుగుమని."

"ఇప్పుడే పోతున్నం మామా."

"మంచిగ తొక్కుమను. నేను సుత తొక్కుతనే ఉన్న, కట్టె లేకుంట వాకిలి దాక నడుస్తున్న! నీ పేరే చెప్పుకుంట. ఇగ చూడు బిడ్డా, మీ మిషన్ నాలుగొద్దుల కిందనే వాపసిచ్చిన. బిచ్కుందోడు నడిమిట్ల టాంకి ఖాళీ చేసిండు బద్మాష్. గట్లెట్ల ఇస్త? నేను నిండ డీజిల్ పోయించి, కడిగి, మీ షెడ్ల వెట్టిన. బాలన్నకు చెప్పు."

"చెప్తా మామా."

"నీ గొంతెందుకు గట్లున్నది? తిన్నవా?"

"తిన్న మామా. సమోసా."

"సమోసా తిండా? బువ్వ తిను." నవ్వి ఫోను పెట్టేశాడు.

ఆమె ముందు మళ్లీ ఆ పేజీ వెలిగింది. రెండు బటన్లు. ఆటలో డీజిల్ కూడా ఆటలోని డబ్బుతోనే కొనాలి. ఆ డబ్బు కోసం రాజన్న ఎన్ని ఎకరాలు కోసి ఉంటాడో, విరిగిన తుంటితో ఎన్నిసార్లు తొక్కి ఉంటాడో. బండి కడిగి పెట్టాడట. ఎవరూ కడగమనలేదు.

మానస రెండో బటన్ నొక్కింది.

ఫోను తెర మీద చక్రం కాసేపు తిరిగింది. ఒక వాక్యం వచ్చింది. అకౌంట్ శాశ్వతంగా మూసివేయబడింది.

సునీల్‌కుమార్ ఆమె భుజం మీదుగా చూశాడు. గుమ్మం దాకా వచ్చి, "చల్లటి నీళ్లు తాగుతవా చెల్లె?" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపి మెట్లు దిగింది. కారు దగ్గర అరవింద్ ఎదురొచ్చాడు.

"అయిందా?"

చెప్పాలి. ఇక్కడే చెప్పాలి. కానీ వెనక సీటులో నుంచి బాలయ్య మెడ సాచి, ఆట డబ్బాను ఒళ్లో పట్టుకుని, ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.

"అయింది," అంది.

"ఒస్తది బాపూ!" అరవింద్ ఒక్కసారిగా చిన్నపిల్లాడైపోయాడు. "మన మిషన్ మనకొస్తది!" అందరి ముందూ ఆమె చెయ్యి పట్టుకుని నొక్కాడు. పెండ్లయ్యాక నడిరోడ్డు మీద అతను చెయ్యి పట్టుకోవడం ఇదే మొదలు. ఎన్నిసార్లు ఊహించుకుందో. ఆ చెయ్యి ఇప్పుడు కాలుతున్నట్టుగా ఉంది.

*

ఆసుపత్రి కసరత్తు గదిలో ఫిజియోథెరపిస్టు సాయిలత బాలయ్యను బల్ల మీద కూచోబెట్టింది. ముందు చక్రాల స్టూలు వేసుకుని కూచుని, ఆయన ఎడమ పాదాన్ని అరచేతిలోకి తీసుకుంది. తలుపు దగ్గర అరవింద్, అతని వెనక మానస.

"నా చెయ్యిని తొయ్యాలె పెద్దనాయినా. పోయినసారి లెక్క ఉత్తుత్తగ తాకిచ్చుడు గాదు."

"నువ్వు గట్టిగ కూసో బిడ్డా. తర్వాత నన్ననొద్దు."

బాలయ్య పళ్లు బిగించాడు. మెడ నరం లేచింది. పాదం కదిలింది, సాయిలత మోచెయ్యి వంగింది, చక్రాల స్టూలు మెల్లగా వెనక్కి జారి గోడకు తగిలింది.

"అబ్బో!" అంది సాయిలత. నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఇంట్ల ఏం జేపిస్తున్నరు ఈయనతోని?"

"ఎవుసం," అన్నాడు బాలయ్య.

అరవింద్ పగలబడి నవ్వాడు. తాళం పడిన ఈ మూడు రోజుల్లో అతను నవ్వడం ఇదే మొదలు.

సాయిలత కాగితం మీద ఏదో రాసింది. "డాక్టర్ సారుకు చెప్తా. ఇదే బలం ఇంకొక నెల పెరిగితే ఆపరేషన్ మాటే లేదు. కానీ ఒకటి పెద్దనాయినా, నడుమ ఆపొద్దు. ఇప్పుడు ఆపితిరా, మళ్ల బిగుసుకపోతది. ఈసారి వంగదు."

"ఎందుకాపుత? ఎనిమిదెకరాలు నిలబడి ఉన్నది. ఇయ్యాల పొద్దుగూకకముందే కోత మొదలువెట్టాలె."

మానస ఫోనును వీపు వెనక దాచింది. అరవింద్ పక్కకు జరిగి ఆమెకు దారిచ్చాడు, ఈ గెలుపు నీదే అన్నట్టు.

బాలయ్య కోడలి వైపు తిరిగాడు. ఆయన ముఖం నిండా వెలుగు.

"ఏం బిడ్డా, ఇంటికి పోంగనే తాళం దీస్తవ్ గద?"

"మామా..." అంది మానస.

రెండో బటన్ నొక్కానన్న మాట నాలుక మీదే ఆగిపోయింది. ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు. బాలయ్య పాదం మాత్రం ఇంకా సాయిలత అరచేతిని బలంగా తోస్తూనే ఉంది.